స్టూడెంట్స్‌తో బైబిల్ ఊళ్ళు, గుహలు చూడ్డానికి వెళ్తున్నారా, ముందు ఇది చదవండి

మొదటిసారి స్టూడెంట్స్‌ని ఇజ్రాయెల్ తీసుకెళ్ళినప్పుడు నేను వేసిన ప్లాన్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, 8 రోజులు, 31 సైట్లు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది గానీ అప్పుడు తెగ గర్వంగా ప్రింట్ తీసి అందరికీ పంచా. నాలుగో రోజుకి పిల్లలు బస్సు దిగడం మానేశారు. వెనక సీట్లోంచి ఒకడు నిద్రమొహంతో అడిగాడు, "సార్, ఇవి కూడా రాళ్ళేనా, వేరే ఏమైనా ఉందా" అని. వాడి తప్పేం లేదు, నిజంగానే అన్నీ రాళ్ళే, ఆ రాయికీ ఈ రాయికీ తేడా ఏంటో నేను చెప్పలేదు అంతే, పేర్లు చెప్పుకుంటూ పోయా.

రెండోసారికి బుద్ధొచ్చి 10 సైట్లకి కోసేశా, ఒక్కోచోట రెండు మూడు గంటలు ఉన్నాం, పిల్లలే బస్సు ఎక్కమంటే ఎక్కలేదు. అప్పుడు నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. ఇది కాలేజీ నుంచో బైబిల్ స్కూల్ నుంచో పదహారు నుంచి ఇరవై రెండేళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళే వాళ్ళ కోసం, తీర్థయాత్రకి వెళ్ళే పెద్దవాళ్ళకి సరిపోదు. వీసా, టికెట్, ఇన్సూరెన్స్ సంగతులు మీ ఏజెంటు చూసుకుంటాడు. ఒక్కటి మాత్రం మీరే చూసుకోండి, అక్కడి పరిస్థితి ఎప్పుడెలా తిరుగుతుందో చెప్పలేం కాబట్టి డబ్బు కట్టే ముందొకసారి, బయల్దేరే వారం ముందొకసారి మన విదేశాంగ శాఖ అడ్వైజరీ చదవండి, వద్దంటే వద్దు, అంతే. బుకింగులు కూడా క్యాన్సిల్ చేసుకోగలిగేవే చేయండి.

సరే, ఎక్కడ మొదలెట్టాలి. అందరూ యెరూషలేములో మొదలెడతారు, నేనైతే వద్దంటా. అక్కడ జనం, షాపులు, మెట్లు, చర్చిల్లో క్యూలు, పిల్లలకి ఏ గోడ ఏ కాలందో అర్థమవ్వక ముందే బుర్ర నిండిపోతుంది. మొదటి ఫీల్డ్ రోజు షెఫేలాలో పెట్టండి. షెఫేలా అంటే పడమట సముద్రం పక్క మైదానానికీ తూర్పున యూదా కొండలకీ మధ్యలో ఉండే చిన్న చిన్న గుట్టల ప్రాంతం. సొలొమోను దేవదారు మానుల్ని షెఫేలాలో మేడిచెట్లంత విరివిగా చేశాడని రాజుల గ్రంథంలో ఉంటుంది చూడండి, అదే షెఫేలా. మైదానంలో ఫిలిష్తీయులు, కొండ మీద యూదా వాళ్ళు, మధ్యలో ఈ లోయలు దారులు, కాబట్టి ఎవడు ఎవడి మీదికి యుద్ధానికి వచ్చినా ఇక్కడే కొట్టుకున్నారు. యెరూషలేము నుంచి బస్సులో గంట లోపో గంట అటూఇటూనో పడుతుంది, సైట్లు కూడా దగ్గర దగ్గరే.

గుహలు కూడా ఇక్కడే ఎందుకున్నాయో పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే ప్రతి బొక్కనీ దావీదు దాక్కున్న గుహ అనుకుంటారు. ఇక్కడ నేలంతా మెత్తటి సుద్ద. పైన మీటరు రెండు మీటర్ల మందాన గట్టి పెచ్చు కట్టుకుని ఉంటుంది, దాన్ని అక్కడ నారి అంటారు, కింద మాత్రం గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. ఆ పెచ్చుకి చిన్న చిల్లు పెట్టి లోపలికి దిగితే ఎంత కావాలంటే అంత తవ్వుకోవచ్చు, పెచ్చే పైకప్పు. అందుకే ఇల్లు కట్టాలంటే ఇంటి కిందే రాయి తవ్వుకునేవాళ్ళు, ఆ తవ్విన గొయ్యి వాన నీళ్ళ తొట్టి అయ్యేది, లేదా గానుగ ఇల్లు, లేదా పావురాల గూడు, లేదా సమాధి.

బయల్దేరే ముందు కనీసం మూడు క్లాసులు పెట్టండి. రెండు గంటల పవర్‌పాయింట్ ఒకటి వేసేసి అయిందనిపించకండి. మొదటి క్లాసులో నేను యెహోషువ 15వ అధ్యాయం ఇస్తా. మామూలుగా చదివేటప్పుడు అందరూ గబగబా తిప్పేసే పేజీ అది, ఉత్త ఊళ్ళ పేర్ల లిస్టు. కానీ 33వ వచనం నుంచి చూడండి, శోకో, అజేకా, అదుల్లాము, షరాయిము, లాకీషు, మారేషా, మీరు బస్సులో తిరగబోయే రూటు మొత్తం అందులోనే ఉంది. క్లాసు నేల మీద చాక్‌పీసుతో పెద్ద మ్యాప్ గీసి, ఒక్కో ఊరి దగ్గర ఒక్కో పిల్లనో పిల్లాడినో నిలబెట్టి, ఇప్పుడు ఫిలిష్తీయుల ఊరు గాతు నుంచి గొల్యాతు వస్తున్నాడు యెరూషలేముకి ఎటు వెళ్తాడు అని అడగండి, లోయ గురించి మీరు చెప్పక్కర్లేదు వాళ్ళే చెప్తారు. తర్వాత అదే మ్యాప్ మీద 2 దినవృత్తాంతములు 11లో రెహబాము కోటలు కట్టించిన ఊళ్ళు, మీకా 1లో ప్రవక్త ఏడ్చిన ఊళ్ళు పెట్టండి, సగం పేర్లు మళ్ళీ అవే.

రెండో క్లాసు కాలాల గురించి. గోడకి ఏడాదికోసారి సున్నం కొడితే పొర మీద పొర ఎలా కడుతుందో ఊళ్ళు కూడా అంతే, ఒక ఊరు తగలబడితే చదును చేసి దాని మీదే ఇంకో ఊరు, అలా దిబ్బ లేస్తుంది. తెల్ అంటే ఇదే, మన తెలుగులో పాటిదిబ్బ అంటాం. మెగిద్దోలో ఇలాంటి పొరలు ఇరవైకి పైనే ఉన్నాయి. పిల్లలకి ఒక తాడు ఇచ్చి దాని మీద కనానీయులు, యూదా రాజులు, బబులోను, గ్రీకులు, రోమా, బైజాంటిన్ (రోమా తర్వాతి తూర్పు క్రైస్తవ సామ్రాజ్యం), అరబ్బులు అని కాగితాలు తగిలించమనండి, ఆ తాడు చుట్టి బ్యాగులో వేసుకుని ప్రతి సైట్‌కీ తీసుకెళ్ళండి. నవ్వకండి, పనిచేస్తుంది. ఏ గుహలోకి దిగినా మొదటి ప్రశ్న, తాడు మీద మనం ఎక్కడున్నాం.

మూడో క్లాసులో నేను మూడు మాటలు నేర్పిస్తా, ఖాయం, బహుశా, ఆనవాయితీ. ట్రిప్ మొత్తానికి ఇదే ముఖ్యం నా దృష్టిలో. యూదా రాజు హిజ్కియా యెరూషలేములో తవ్వించిన సొరంగం, లాకీషులో అష్షూరు సైన్యం పోసిన ముట్టడి దిబ్బ, ఇవి ఖాయం లెక్క, రాతలున్నాయి, బొమ్మలున్నాయి, తవ్వకాలున్నాయి. ఏలా లోయ పక్కన ఖిర్బెత్ కెయాఫా అని 2007 నుంచి 2013 దాకా తవ్విన చోటుంది, దానికి రెండు గవినులు, అంటే కోట గుమ్మాలు ఉన్నాయి, షరాయిము అంటే రెండు గవినులు అని అర్థం వస్తుంది కాబట్టి ఇదే ఆ ఊరని తవ్విన ప్రొఫెసర్ యోసెఫ్ గార్ఫింకెల్ అంటారు, కాదనే వాళ్ళూ ఉన్నారు, అది బహుశా. ఇక అదుల్లాము గుహ ఇదేనని ఎవరైనా ఒక బొక్క చూపిస్తే అది ఆనవాయితీ. ఊరు అటువైపే గానీ ఆ గుట్టల్లో గుహలు కోకొల్లలు, దావీదు ఏ దాంట్లో పడుకున్నాడో పేరు రాసిపెట్టి పోలేదు కదా. గైడు చెప్పింది విని పిల్లలు నోట్‌బుక్‌లో ఈ మూడింట్లో ఒకటి రాయాలి, పక్కన ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఇలా చేస్తే విశ్వాసం పోతుందేమో అని ఒక పేరెంట్ నన్ను నిలదీశారు. ఏం పోలేదు, గైడు ప్రతిదానికీ "సరిగ్గా ఇక్కడే" అంటున్నప్పుడే పిల్లలు వెనకాల ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు, ఇప్పుడు ఎదురు ప్రశ్నలు అడుగుతున్నారు.

గైడు అంటే గుర్తొచ్చింది, అక్కడ డబ్బు తీసుకుని గైడ్ చేయాలంటే టూరిజం మినిస్ట్రీ లైసెన్స్ ఉండాలి, అది ఉన్నవాళ్ళనే పెట్టుకోండి. ముందే ఫోన్లో మాట్లాడి మా పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, తెలీకపోతే తెలీదని చెప్పే మనిషి కావాలి అని మొహమాటం లేకుండా చెప్పండి.

సీజన్ సంగతి. మే నుంచి సెప్టెంబర్ దాకా వద్దు, ముఖ్యంగా మృత సముద్రం వైపు, సముద్ర మట్టానికి 430 మీటర్ల కింద ఉండే చోటు అది, గాలి ఆడదు. మార్చి, ఏప్రిల్ మొదట్లో పచ్చగా బాగుంటుంది, అక్టోబర్ చివర, నవంబర్ కూడా సరే. పస్కా వారం, పర్ణశాలల పండగ వారం అయితే అక్కడి కుటుంబాలన్నీ పిల్లా జెల్లాతో పార్కుల్లోనే ఉంటాయి (మనం చూసే సైట్లు చాలావరకు నేషనల్ పార్కులే), తప్పించండి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు కాబట్టి బస్సులు చాలావరకు ఉండవు, షాపులు మూస్తారు. పార్కులు శనివారం ఉంటాయి గానీ శుక్రవారం గంట ముందే మూసేస్తారు, మూసే టైమ్‌కి గంట ముందు నుంచే లోపలికి రానివ్వరు, ఇది తెలీక మేము ఒకసారి గేటు బయటి నుంచే ఫోటోలు తీసుకుని వచ్చాం. నేషనల్ పార్కులన్నింటికీ కలిపి పనిచేసే పాస్ ఉంటుంది, గ్రూపుకి లెక్క చూసుకోండి, ఏది చవకైతే అది. గ్రూపు వస్తుందని ముందే రిజర్వ్ చేయండి.

ఇప్పుడు షెఫేలా రోజు ఎలా నడపాలో చెప్తా. పొద్దున్నే అజేకా. గుట్ట ఎక్కడం పెద్ద కష్టం కాదు, పైకెళ్ళగానే పుస్తకం తెరవకండి. పావుగంట ఊరికే చూడమనండి. కింద ఏలా లోయ సాగి ఉంటుంది, ఇటు పడమటికి మైదానం తెరుచుకుంటుంది, అటు తూర్పున కొండలు లేస్తాయి. ఎవరికి ఎటు లాభం, సైన్యం ఎక్కడ దిగితే నీళ్ళు దొరుకుతాయి, మీరైతే ఎక్కడ నిలబడతారు అని అడగండి. ఆ తర్వాత 1 సమూయేలు 17 మొదటి మూడు వచనాలు చదవండి, శోకోకీ అజేకాకీ మధ్య ఫిలిష్తీయులు దిగారు, లోయ మధ్యలో ఉంది, వీళ్ళు ఈ పక్క కొండ మీద వాళ్ళు ఆ పక్క కొండ మీద. చదువుతుంటే పిల్లల తలలు వాటంతట అవే అటూ ఇటూ తిరుగుతాయి చూడండి. ముందు నేల, తర్వాత వచనం, ఈ వరస మాత్రం మార్చొద్దు, ముందు చదివేస్తే ఇక వాళ్ళు చూడరు, మీరు చెప్పిందే కనిపిస్తుంది.

కిందికి దిగి వాగు దగ్గర పది నిమిషాలు ఆగండి. వానాకాలంలో తప్ప నీళ్ళుండవు, గుండ్రాళ్ళు ఉంటాయి. అయిదు రాళ్ళు ఏరి చేతిలో బరువు చూడమనండి. వడిసెల రాయంటే గోలీ అనుకుంటారు పిల్లలు, లాకీషులో దొరికిన వడిసెల రాళ్ళు పిడికిలికి నిండుగా ఉంటాయి, తగిలితే పుర్రె పగులుతుంది. వడిసెల తిప్పి చూపిస్తానని ఎవడైనా ముందుకొస్తే మాత్రం వద్దనండి, మా వాడొకడు షూ లేసులతో వడిసెల చేసి బస్సు అద్దానికి రెండడుగుల దూరంలో వేశాడు.

తర్వాత మారేషా, బేత్ గువ్రిన్, పక్కపక్కనే ఉన్న రెండు పాత ఊళ్ళు, ఇప్పుడు ఒకే పార్కు. ఇది 2014లో యునెస్కో లిస్టులో చేరింది, అంత పేరు రావడానికి కారణం గుహలే. ఇక్కడ కనీసం మూడు గంటలు. ఒక గుహలో సుద్ద గోడకి చెక్కిన పావురాల గూళ్ళు రెండు వేల దాకా ఉంటాయి, వరసలు వరసలుగా, మాంసానికీ ఎరువుకీ పెంచారు. ఆలివ్ గానుగ గుహలో పెద్ద నలుగుడు రాయి, దూలం, బరువు రాళ్ళు అన్నీ తిరిగి అమర్చి పెట్టారు, గానుగ ఎలా ఆడుతుందో ఏ ఇంజినీరింగ్ పిల్లాడికైనా పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఇంకో గుహలో 1943లో వచ్చిన పోలిష్ సైనికులు గోడ మీద వాళ్ళ గద్ద బొమ్మ చెక్కి వెళ్ళారు. తాడు మీద అదెక్కడ తగిలించాలని ఒక అమ్మాయి అడిగితే చివర ముడి వేసి అక్కడ పెట్టాం.

సీదోను వాళ్ళ, అంటే ఉత్తరాన సముద్ర తీరపు ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళ సమాధి గుహలు తప్పకుండా చూపించండి. 1902లో బయటపడ్డాయి. లోపల గోడల మీద రంగుల్లో ఏనుగు, జిరాఫీ, ఖడ్గమృగం, మూడు తలల కుక్క. అపొల్లొఫానెస్ అనే ఆయన 33 ఏళ్ళు మారేషాలోని సీదోను వాళ్ళకి పెద్దగా ఉన్నాడని గ్రీకులో రాసి ఉంది. ఇప్పుడు మనం చూసే రంగులు పాత పుస్తకంలో అచ్చైన బొమ్మల్ని చూసి మళ్ళీ వేసినవి, అసలువి చెడిపోయాయి, ఈ మాట గైడు చెప్పకపోతే మీరు చెప్పండి. యూదా ఊరిలో గ్రీకు రాత, సీదోను మనుషులు, ఆఫ్రికా జంతువులు ఏంటని పిల్లలు అడగాలి, అడక్కపోతే మీరే అడగండి. యూదా వాళ్ళని బబులోనుకి చెరపట్టుకుపోయాక ఈ ప్రాంతం దక్షిణాన ఉండే ఎదోమీయుల చేతికి పోయింది, ఆ తర్వాత గ్రీకుల కాలం, హేరోదు వంశం వచ్చింది కూడా ఈ ఎదోమీయుల్లోంచే, అక్కణ్ణుంచి కొత్త నిబంధనకి దారి పడుతుంది.

అందరూ ఫోటోలు దిగేది గంట ఆకారం గుహల్లో. పైన చిన్న చిల్లు, కిందికొచ్చేసరికి గంటలా వెడల్పు, ఎండ ఒక స్తంభంలా దిగుతుంది, పాట పాడితే గొంతు బాగా మోగుతుంది, మా పిల్లలు పాడకుండా రాలేదు. కానీ ఇవి దావీదు కాలానివి కావు, యేసు కాలానివి కూడా కావు, బైజాంటిన్ చివర, అరబ్బుల పాలన మొదట్లో సున్నానికీ కట్టుబడికీ సుద్ద తవ్వుకున్న క్వారీలు. గోడల మీద సిలువలు కనిపిస్తాయి, అరబిక్ రాతలు కనిపిస్తాయి. బైబిల్ ట్రిప్‌లో అందరికంటే ఎక్కువ ఫోటోలు పడే గుహ బైబిల్‌కి ఎన్నో వందల ఏళ్ళ తర్వాతది, ఈ ముక్క పిల్లలు గోడ మీద ఉలి గీతలు చూసి వాళ్ళంతట వాళ్ళు కనిపెడితే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

ఇక్కడే ఒక్కరోజు తవ్వకం ప్రోగ్రామ్ ఉంటుంది, డబ్బు కట్టి ముందే బుక్ చేసుకుంటే మారేషా కింది గుహల్లో నిజంగా తవ్వనిస్తారు, మట్టి బకెట్లు మోయడం, జల్లెడ పట్టడం, పెంకులు ఏరడం. బడ్జెట్‌లో ఇంకేదైనా తీసేసి ఇది పెట్టండి. రెండువేల ఏళ్ళకి పైగా ఎవరూ ముట్టని కుండ పెంకు మన చేతికి రావడం వేరు, అద్దం వెనక చూడ్డం వేరు.

అలా దొరికింది మాత్రం బకెట్‌లోనే వేయాలి. ఇది గట్టిగా చెప్పండి, రెండుసార్లు చెప్పండి. అక్కడ 1978 చట్టం ప్రకారం పాత వస్తువు ఏది దొరికినా ప్రభుత్వానిదే, సైట్లోంచి పెంకు జేబులో వేసుకుంటే నేరం. మా గ్రూపులో ఒక మంచి పిల్లాడు, నిజంగా మంచివాడే, వాళ్ళ అమ్మకి చూపిద్దామని గుప్పెడు పెంకులు సాక్సులో చుట్టి దాచాడు. రాత్రి హాస్టల్లో వాడి రూమ్మేట్ చెప్పాడు. మర్నాడు ఉదయం బస్సు వెనక్కి తిప్పి పార్కు ఆఫీసులో అప్పజెప్పి వచ్చాం, వాడు ఏడ్చాడు, అక్కడి ఉద్యోగి తిట్టకుండా ఒక మాట చెప్పింది, పెంకు ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే దానికి విలువ, నీ సాక్సులో అది మట్టిముక్కే అని. ఎయిర్‌పోర్ట్‌లో దొరికి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. డ్రోన్లు కూడా పార్కుల్లో ఎగరేయకూడదు.

మధ్యాహ్నం లాకీషు. అప్పటికి పిల్లలు అలిసి ఉంటారు కాబట్టి ముందు తిండి, నీడ, తర్వాత గుట్ట. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దీన్ని పట్టుకుని, ఆ విజయాన్ని నీనెవెలో తన రాజభవనం గోడల మీద బొమ్మలుగా చెక్కించుకున్నాడు, అవి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మల్ని పెద్ద సైజులో ప్రింట్ తీయించి లామినేషన్ చేయించి పట్టుకెళ్ళండి. దిబ్బ నైరుతి మూలకి తీసుకెళ్ళి ప్రింట్లు చేతికిచ్చి, బొమ్మలో గవిని ఎక్కడుంది, అష్షూరు వాళ్ళు రాళ్ళు పోసిన ముట్టడి దిబ్బ ఎక్కడుంది, బందీలు ఎటు నడుస్తున్నారు, వెతకమనండి. ఆ రాళ్ళ దిబ్బ ఇంకా అక్కడే ఉంది, దాని మీదే నిలబడి ఉంటారు, అది వాళ్ళకి తట్టేసరికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో మీరు నోరెత్తకండి.

తర్వాత 2 రాజులు 18లో హిజ్కియా "నేను తప్పు చేశాను" అని లాకీషుకి కబురు పంపిన వచనం చదవండి. సన్హెరీబు తన రాతలో హిజ్కియాని పంజరంలో పిట్టలా యెరూషలేములో బంధించానని చెప్పుకున్నాడు, 46 ఊళ్ళు పట్టానన్నాడు, యెరూషలేము పట్టానని మాత్రం ఎక్కడా అనలేదు. ఇద్దరూ ఒకే యుద్ధం గురించి రాశారు, ఎవరు ఏది చెప్పారు ఏది దాచారు అని పిల్లల్ని వాదించుకోనివ్వండి. గవిని గదుల్లో బల్లలు ఉన్నాయి, పెద్దలు గవిని దగ్గర కూర్చున్నారని బైబిల్లో చదివేది ఇలాంటి చోటే. అక్కడే 2016లో బయటపెట్టిన రాతి మరుగుదొడ్డి కథ కూడా చెప్పండి, పూజగదిని అపవిత్రం చేయడానికి పెట్టారని తవ్వినవాళ్ళ మాట, కుర్రాళ్ళు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకుంటారు. 1935లో ఈ గవినిలోనే బూడిదలో కుండ పెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. బబులోను సైన్యం మీద పడే రోజులవి. ఒకదాంట్లో, లాకీషు మంటల గుర్తుల కోసం చూస్తున్నాం, అజేకా కనిపించట్లేదు అని ఉంటుంది. పొద్దున మనం నిలబడ్డ అజేకానే. యిర్మీయా 34లో చివరిదాకా మిగిలిన కోటలు ఈ రెండేనని ఉంది, ఆ వచనం ఇక్కడ చదివించండి, సాయంత్రం వెలుగులో, వెళ్ళిపోయే ముందు.

ఎడారి రోజు గురించి కొంచెం తక్కువ చెప్తా, మృత సముద్రం ఒడ్డున ఉన్న కుమ్రాను, ఏన్గెదీ ఒకే రోజులో అవుతాయి. కుమ్రానులో మృత సముద్రపు చుట్టలు, అంటే పాత బైబిల్, ఇతర రాతప్రతులు దొరికిన గుహలు 11, వాటిలోకి వెళ్ళనివ్వరు, నాలుగో గుహ లోయ అవతల ఎదురుగా కనిపిస్తుంది, అది చూసే ఫోటో తీసుకుంటారు అందరూ. పిల్లలు డిసప్పాయింట్ అవుతారు కాబట్టి ముందే చెప్పండి. నేను చేసేదేంటంటే 7.34 మీటర్ల పొడవున కాగితం చుట్ట ఒకటి తీసుకెళ్ళి పార్కింగ్‌లో పిల్లలతో విప్పిస్తా, యెషయా గ్రంథం చుట్ట అంత పొడవు, 66 అధ్యాయాలూ అందులోనే, ఎంతమంది పట్టుకోవాలో చూస్తే చుట్ట అంటే ఏంటో తెలుస్తుంది. తర్వాత ఆ చుట్టలు ఉన్న యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. ఏన్గెదీలో కొండమేకలు మనుషుల్ని లెక్కచేయకుండా పక్కనే మేస్తుంటాయి, 1 సమూయేలు 24లో అడవి మేకల బండలు అన్నది ఊరికే కాదు. రాళ్ళ మధ్య బొద్దుగా తోకలేని జంతువొకటి తిరుగుతుంది, హైరాక్స్, కీర్తన 104లో మన తెలుగు బైబిల్ దాన్నే కుందేలు చేసేసింది, మనకి ఆ జంతువు తెలీదు మరి, అనువాదం చేసినవాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

కానీ ఎడారి లోయలతో ఆటలొద్దు. ఎక్కడో యూదా కొండల్లో వాన పడితే ఇక్కడ నెత్తిన ఎండ కాస్తుండగానే లోయలో నీళ్ళ గోడ వచ్చేస్తుంది. 2018 ఏప్రిల్‌లో మృత సముద్రానికి దక్షిణంగా నహల్ సాఫిత్ అనే ఇరుకు లోయలో ట్రిప్‌కి వెళ్ళిన 10 మంది కుర్రపిల్లలు ఇలాగే వరదలో చనిపోయారు, వరద హెచ్చరికలు ఉండగానే వెళ్ళారు. వాతావరణ హెచ్చరిక ఉంటే, పార్కువాళ్ళు ట్రైల్ మూశామంటే, ఎంత డబ్బు కట్టి ఉన్నా వెనక్కి తిరగండి. నీళ్ళు ఒక్కొక్కరికి 3 లీటర్లు, అడగడం కాదు, బస్సు దిగేటప్పుడు బాటిళ్ళు చూపించమనండి. అంబులెన్స్ 101, పోలీసు 100, ఇవి ఫోన్లలో ముందే సేవ్ చేయించండి.

గుహల్లో జాగ్రత్త చాలామందికి తెలీని విషయం ఒకటుంది. అక్కడి గుహల దుమ్ములో ఒక రకం మెత్తటి పిడుదులు ఉంటాయి, కుట్టినట్టు కూడా తెలీదు, కానీ కొన్ని రోజులకి మళ్ళీ మళ్ళీ వచ్చే జ్వరం తెస్తాయి, గుహ జ్వరం అనే అంటారు అక్కడ. కాబట్టి ట్రైల్ పక్కన కనిపించిన ఏ గుహలోనో దుమ్ములో కూర్చోవడం, పడుకోవడం, పాకడం వద్దు, ఫుల్ ప్యాంటు వేసుకోవాలి, మామూలు పార్కుల్లో చదును చేసిన దారుల్లో నడిస్తే భయం లేదు. ఇంటికొచ్చాక ఎవరికైనా జ్వరమొస్తే డాక్టర్‌కి గుహల్లోకి వెళ్ళామని చెప్పమనండి, చెప్పకపోతే ఆ డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది. గబ్బిలాల మీద లైటు వేసి అరవొద్దు. దిగే ముందు తల లెక్క, ఎక్కాక తల లెక్క, ఇద్దరిద్దరు జంటలు, ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద, చివరి మనిషి చేతిలో రెండు టార్చిలు. ఫోన్ లైటు టార్చి కాదు, ఫోటోలు తీసి తీసి బ్యాటరీ అయిపోయాక తెలుస్తుంది.

చివర్న యెరూషలేము, అందులో హిజ్కియా సొరంగం. 533 మీటర్లు, గిహోను ఊట నుంచి సిలోయము కోనేరు వైపుకి, చీకటి, చల్లటి నీళ్ళు, మొదట్లో తొడల దాకా వస్తాయి తర్వాత మోకాళ్ళ దాకా, కొన్నిచోట్ల భుజాలు రెండు పక్కలా రాయికి రాసుకుంటాయి. వెనక్కి తిరిగి రావడం ఉండదు, వెనకాల జనం వస్తుంటారు. అందుకే ముందు రోజు రాత్రే ఒక్కొక్కర్ని విడిగా అడగండి, ఇరుకంటే భయముందా, ఆయాసం ఉందా అని. అందరి ముందు అడిగితే ఎవరూ చెప్పరు. మొదటిసారి నేను అందరి ముందే అడిగా, ఎవరూ చెయ్యెత్తలేదు, లోపల వంద మీటర్లు వెళ్ళాక ఒకమ్మాయి గోడ పట్టుకుని కదల్లేదు, ఊపిరి అందట్లేదంది, వెనకాల ఇరవై మంది ఆగిపోయారు. ముందున్న స్నేహితురాలి బ్యాగు పట్టీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ బయటికొచ్చింది పాపం. పక్కనే నీళ్ళు లేని పాత కనానీయ సొరంగం ఉంది, భయపడే వాళ్ళని అందులోంచి ఒక టీచర్‌తో పంపండి, అదేం తక్కువ కాదని చెప్పండి.

లోపల గోడ మీద చెయ్యి పెట్టి నడవమనండి. ఉలి దెబ్బలు ఒక వైపుకి వాలి ఉంటాయి, మధ్యలో ఒకచోట దారి అటూ ఇటూ వంకర్లు తిరుగుతుంది, అది దాటాక దెబ్బల వాలు మారిపోతుంది, రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన వాళ్ళు కలిసిన చోటు అదే. 1880లో ఈ సొరంగం చివర్లో గోడ మీద రాత దొరికింది, అప్పుడు తుర్కుల పాలన కాబట్టి ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా అవతల మనిషి ఇవతల మనిషిని పిలుస్తున్న గొంతు వినిపించిందని, గొడ్డలికి గొడ్డలి ఎదురై నీళ్ళు పారాయని అందులో ఉంది. రాజు పేరు లేదు అందులో, తవ్వినవాళ్ళ గొంతే ఉంది. ఆ వంకర్ల దగ్గర మీ గ్రూపు తప్ప వెనక ఎవరూ లేకపోతే ముప్పై సెకన్లు టార్చిలన్నీ ఆర్పించి, ముందున్న వాళ్ళలో ఒకర్ని వెనకున్న వాళ్ళని పేరు పెట్టి పిలవమనండి. రాతిలోంచి గొంతు ఎటునుంచి వస్తుందో తెలీదు. మా వాళ్ళు పిలిచింది ఆ పెంకుల పిల్లాడిని, "ఇక్కడే ఉన్నా" అన్నాడు వాడు, గొంతు మూడు వైపుల నుంచి వినిపించింది.

బయటికొచ్చాక తల లెక్క. పొడి సాక్సులు, తడి బూట్లు వేయడానికి ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ సంచి, ఇవి ముందే బస్సులో పెట్టించండి, లేకపోతే డ్రైవర్ ఎక్కనివ్వడు.